యాదృచ్ఛిక సమాగమము - హృదయ పరివర్తనము

ఇరువురు అపరిచితులు ఒకనాడు అనుకొనకుండ ఎదురుపడుదురు. నాలుగు మాటలు నడచును. అటుపిమ్మట ఆ ఇరువురి జీవితములును మునుపటి త్రోవలో సాగవు. ఇట్టి దానిని కొందరు దైవఘటన యందురు, కొందరు కాకతాళీయమందురు. కాని ఒక్క క్షణములో మానవుడు నిజముగా మారగలడా? మారినచో ఆ మార్పునకు కారణము ఎదురైన వ్యక్తియా, లేక లోపల చిరకాలముగా పక్వమగుచున్న మరియొకటియా? ఇది ఊరక వాదించుటకైన ప్రశ్న కాదు. సమాగమమే సర్వమును చేయునని నమ్మినవాడు తన కర్తవ్యమును అదృష్టమునకు అప్పగించి కూర్చుండును.

ఈ విచారణకు తెలుగునేలయందే ఒక నిదర్శనము కలదు. 1951వ సంవత్సరము ఏప్రిల్ మాసమున హైదరాబాదు సమీపముననున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతమునుండి కాలినడకను దానికి వచ్చెను. అప్పటికాయన వయస్సు 55 సంవత్సరములు. 1940లో గాంధీమహాత్ముడు వ్యక్తి సత్యాగ్రహమునకు ప్రథమ సత్యాగ్రహిగా ఎన్నుకొన్నది ఆయననే. అయినను స్వభావముచేత ఆయన ఆశ్రమవాసి, అధ్యయనపరుడు. సమ్మేళనము ముగిసిన పిదప తెలంగాణ పల్లెలగుండ నడచిపోవ నిశ్చయించెను. అప్పుడా ప్రాంతము భూమికొరకైన సాయుధ పోరాటముతోను, దానిని అణచుటకైన సైనిక, పోలీసు చర్యలతోను నలుగుచుండెను. ఏప్రిల్ 18వ తేదీన ఆయన నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి చేరెను.

ఆనాడు హరిజనవాడ యని పిలువబడుచుండిన పేటకు పోయి, అచ్చటివారి కష్టసుఖములను ఆయన విచారించెను. తమకు 80 ఎకరముల భూమి దొరకినచో సాగుచేసికొని బ్రదుకుదుమని వారు విన్నవించిరి. ప్రభుత్వమునకు వ్రాసి చూతునని ఆయన తొలుత తలపోసెను. పిమ్మట, గ్రామస్థులే ఏమైన చేయగలరా యని అచ్చట చేరినవారిని అడిగెను. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి అను భూస్వామి ముందుకు వచ్చి తాను 100 ఎకరములు ఇచ్చెదనని పలికెను. అడిగినది 80, లభించినది 100. భూదానోద్యమమునకు ఇదియే ఆరంభము. నేడా గ్రామమును భూదాన్ పోచంపల్లి యని వ్యవహరించుచున్నారు.

ఇందు మారినవాడెవడు? ఇచ్చినవాడు మారెనని లోకము సులభముగా చెప్పును. కాని పుచ్చుకొన్నవాడును అంతకు తక్కువగా మారలేదు. ఆ రాత్రి వినోబాకు సరిగా నిద్రపట్టలేదు. ఒక్కరు ఇచ్చినందున అందరును ఇత్తురా? దేశమందలి భూమిలేని వారికెల్ల ఈ విధముగా భూమి లభించునా? ఈ సందేహము ఆయనను వదలలేదు. సందేహమే గెలిచినచో అహింసయందలి తన విశ్వాసమును విడువవలసి వచ్చునని తోచినదని ఆయనయే తరువాత చెప్పుకొనెను. మరునాటినుండి ఆయన అడుగుట ఆరంభించెను. పుస్తకములనడుమ గడపిన ఆ సాధకుడు పిమ్మట పదుమూడేండ్లకు పైగా దేశమంతట నడచెను. ఒక భూస్వామి పలికిన ఒక్క మాట ఆయనను ఆశ్రమమునుండి బాటలోనికి లాగినది.

అయినను ఆ మాట శూన్యమునుండి పుట్టినది కాదు. తన తండ్రికి అట్టి దానసంకల్పముండెనని రామచంద్రారెడ్డి ఆ సభయందే చెప్పెను. అనగా బీజము ఇంటనే యున్నది. వినోబా ప్రశ్న దానిపై కురిసిన వాన. పోచంపల్లి నేతగాండ్రకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కత్తు చీరయందలి బొమ్మ మగ్గముమీద పుట్టదు. నూలును ముందే ముడులు కట్టి, రంగులలో ముంచి, ఆరబెట్టుదురు. పడుగును పేకయు కలిసినప్పుడు నూలులోనున్న బొమ్మయే బయటపడును. సమాగమమును అట్టిదే. అది లేనిదానిని సృజింపదు, ఉన్నదానిని వెలికి తీయును. కాని మగ్గమెక్కని నూలు వస్త్రము కానేరదు. కావున సమాగమమును తక్కువచేయుటయు తగదు.

ఇచట ఒక పూర్వపక్షము కలదు. ఆనాడు భూస్వాములను కదలించినది కరుణ కాదు, భయము. తుపాకులచేత పోవనున్న భూమిని దానముచేత వదలుకొనిరి. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. భయము ఆ గాలిలోనే యున్నది. కాని అదే భయము అనేకులను పట్టణములకు పరుగెత్తించెను; అనేకులచేత పోలీసుల రక్షణను కోరించెను. ఒకే భయము వేర్వేరు మనుష్యులను వేర్వేరు దారుల నడపినప్పుడు, ఆ దారిని నిర్ణయించినది భయమొక్కటియే కాజాలదు. మనుష్యుని ఉద్దేశములు ఎప్పుడును కలగలుపుగనే యుండును. వానిని వేరుచేసి తూచు త్రాసు మనయొద్ద లేదు.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. ఉద్యమలక్ష్యము 5 కోట్ల ఎకరములు. లభించినది 40 లక్షల ఎకరములకు పైబడినను లక్ష్యములో పదవ వంతునకైన చేరలేదు. అందును చాల భాగము రాళ్లభూమి, వివాదములలో చిక్కిన భూమి. పేదవాని చేతికి చేరనే చేరని భూమియు కలదు. అట్లయిన ఆ పరివర్తనము మిథ్యయా? కాదు. పొరపాటు వేరొకచోట నున్నది. ఒక గ్రామమున ఇరువురి నడుమ జరిగినది ప్రతి గ్రామమునను తనంత తానే జరుగునని ఆశించుట ఆ పొరపాటు. సభలో పలికిన మాట పొలముగట్టు దాకా నడచి పోవలెను. కొలత వేయవలెను, పట్టా చేయవలెను, ఎద్దులు, విత్తనములు, నీరు సమకూర్పవలెను. హృదయము కరిగిన క్షణము ఎంత పవిత్రమైనను, దాని వెంట కాయకము నడువనిచో అది కన్నీరుగా ఆరిపోవును. దాసోహమున కర్థమును ఇదియే. ఇచ్చితినను తలంపు మిగులకుండ, ఇచ్చినది చేరవలసినవానికి చేరువరకు సేవకుడై యుండవలెను.

ఈ కథను ఇరువురి కథగా చెప్పుట వాడుక. కాని అందు మూడవవారు కలరు. వారి పేర్లను లోకము అంతగా జ్ఞాపకముంచుకొనలేదు. వారు భిక్ష అడుగలేదు; పనిచేసికొనుటకు నేల అడిగిరి. ఇంత చాలునని లెక్క చెప్పిరి. ఆ లెక్కయే లేనిచో వినోబాకు అడుగుటకు ప్రశ్న లేదు, రెడ్డికి చెప్పుటకు జవాబు లేదు. మహాత్ముల సమాగమములను కీర్తించునప్పుడు, వారిని కలిపిన పేదవాని నోటిమాటను మరచుట కృతఘ్నత.

ఎవరు ఎప్పుడు ఎదురగుదురో మన వశములో లేదు. ఎదురైనవానిని 'నీకేమి కావలె'నని అడుగుట, వాడు చెప్పినది చెవియొగ్గి వినుట, ఒప్పుకొన్నదానిని తుదిముట్ట నెరవేర్చుట మన వశములోనివే. పోచంపల్లిలో ఆనాడు తొలి రెండును జరిగినవి. అందుచేతనే ఇరువురు మారిరి. మూడవది జరిగినచోట భూమి చేతులు మారినది; జరుగనిచోట మాట మాటగనే మిగిలినది.