చివరి బండి వచ్చేదాకా

బీర్కూర్ చదునైన నేల. ఒకవైపు మంజీర, చుట్టూ నిజాంసాగర్ నీళ్లతో పండే వరిమళ్లు. ఇక్కడి నుంచి దోస్తులంతా కలిసి మోటార్‌సైకిళ్ల మీద కొండలు చూడబోతే నిజామాబాద్, ఆర్మూర్ దాటి, నిర్మల్ పైన మహబూబ్ ఘాట్ మలుపులు వచ్చేదాకా ఎక్కుడు అంటే ఏమిటో బండికి తెలియదు. అదే రోడ్డు పట్టుకుని ఉత్తరానికి సాగితే కొన్ని రోజులకు హిమాలయం. ఇలాంటి ప్రయాణాన్ని ఇంట్లో పెద్దలు సరదా అంటారు. ఇదే మండలంలో తెలంగాణ తిరుమలగా పేరుపడ్డ తిమ్మాపూర్ గుడికి వచ్చేవారిని మాత్రం భక్తులంటారు, వారిది యాత్ర అంటారు. చివర దేవుడుంటే పుణ్యం, లేకుంటే కాలక్షేపం అన్నది ఈ విభజన వెనక ఉన్న నమ్మకం. ఈ నమ్మకం సరైనదేనా? నా ఉద్దేశంలో కాదు. ఒక ప్రయాణానికి ధర్మంలో చోటుందా లేదా అన్నది గమ్యాన్ని బట్టి తేలేది కాదు. ముందు పోయేవాడు వెనక వచ్చేవాడి పట్ల ఎలా నడుచుకున్నాడన్న దాన్ని బట్టి తేలుతుంది. మన సంప్రదాయమూ జాగ్రత్తగా చూస్తే ఇదే చెబుతుంది.

ఈ విషయం కొండదారిలోనే ఎందుకు బయటపడుతుందో ముందు చూడాలి. చదునైన రోడ్డు మీద వెనకబడ్డవాడు మహా అయితే ఆలస్యంగా చేరతాడు. కొండ మీద ముందువాడి వేగం వెనకవాడి ప్రాణానికి సంబంధించిన నిర్ణయమవుతుంది. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఎక్కే ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇంజన్ బలం తగ్గుతుంది, మనిషి బలమూ తగ్గుతుంది. అయితే అందరికీ ఒకేలా తగ్గదు. రోజూ వ్యాయామం చేసే పాతికేళ్ల కుర్రవాడు తలనొప్పితో, వాంతులతో కూలబడవచ్చు; పక్కనే నలభై దాటిన మనిషి నిక్షేపంగా ఉండవచ్చు. అందుకే లేహ్‌లో కనీసం రెండు రోజులు ఆగి ఒంటిని అలవాటు చేసుకోవాలని వైద్యులు చెబుతారు. లక్షణాలు ముదిరితే వెంటనే కిందికి దిగడమే మొదటి మందు. ఇక్కడే అసలు చిక్కు. తన వల్ల పదిమంది ఆగిపోతారన్న మొహమాటంతో ఒకడు తలనొప్పిని దాచుకుంటాడు. అతను దాచుకున్నాడంటే దాచుకోవాల్సిన వాతావరణాన్ని కల్పించింది ఆ గుంపే. కొండల్లో బండ్లు నడిపి పండినవారికి ఇది తెలుసు. అందుకే అందరికన్నా అనుభవజ్ఞుణ్ణి వారు చివరి బండి మీద ఉంచుతారు. పానాలు, ట్యూబులు, మందుల పెట్టె అతని దగ్గరే ఉంటాయి. కొత్తవాణ్ణి ముందు బండి వెనకాలే నడిపిస్తారు. ప్రతి మలుపు దగ్గరా వెనకవాడు అద్దంలో కనబడేదాకా ఆగుతారు. బలవంతుడి చోటు చివర అని ఏ శాస్త్రమూ చదవకుండానే వారు కనిపెట్టారు.

మన యాత్రా సంప్రదాయాలు ఈ మాటను ఏనాడో గుర్తించాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారు నలభై ఒక్క రోజుల దీక్ష తరువాత గురుస్వామి వెంట గుంపుగా వెళతారు. పంబ నుంచి నీలిమల ఎక్కేటప్పుడు అందరి కళ్లూ కన్నెస్వామి మీదే, అంటే మొదటిసారి మాల వేసినవాడి మీదే ఉంటాయి. కన్నెస్వాములు రాని ఏడాది తనను పెళ్లాడతానని అయ్యప్ప మాట ఇచ్చాడని, మాలికాపురత్తమ్మ ఏటా శరంకుత్తి దాకా వచ్చి వారు గుచ్చిన శరాలు చూసి వెనుదిరుగుతుందని కథ. అందరికన్నా తెలియనివాడు వచ్చాడా లేదా అన్నదాని మీద ఒక దేవత నిరీక్షణే ఆధారపడిందన్నమాట. మద్నూర్, జుక్కల్ వైపు మరాఠీ, తెలుగు కలిసి వినిపించే ఊళ్లలో పండరి విఠలుడు పరాయి దేవుడు కాడు. ఆషాఢ ఏకాదశికి జ్ఞానేశ్వరుడి పల్లకి ఆళంది నుంచి పండరిపురానికి దాదాపు 250 కిలోమీటర్లు సాగుతుంది. దాని ముందూ వెనకా దిండీలు, అంటే భజన బృందాలు, నడుస్తాయి. రాత్రి మజిలీ దగ్గర హారతికి ముందు చోప్‌దారు అందరినీ నిశ్శబ్దంగా ఉండమంటాడు. కష్టమో ఫిర్యాదో ఉన్న దిండీ మాత్రం తాళాలు ఆపదు. ఆ చప్పుడు విని పెద్దలు అక్కడికి వెళ్లి సంగతి కనుక్కుంటారు. దారిలో పోయిన వస్తువులు, దొరికిన వస్తువులు చాటుతారు. ఆ తరువాతే హారతి. దేవుడి పూజ కన్నా ముందు తోడువచ్చినవారి కష్టం వినాలని దీన్ని మించి స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మన జిల్లా మీదుగా సాగిన ఒక పాత యాత్ర కూడా ఇక్కడ సాక్ష్యం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరాడు. హైదరాబాదు నుంచి కామారెడ్డి, ఆర్మూరు మీదుగా నిర్మల్ వైపు సాగి ఆ కొండలు దాటాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. దారిలో ఆయన రాసినవి 1838లో కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె ప్రచురించిన ‘కాశీయాత్రా చరిత్ర’గా మనకు మిగిలాయి. ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఏ దారి రాళ్లదారి, ఎక్కడ బస దొరుకుతుంది అన్న వివరాలు అందులో అడుగడుగునా ఉంటాయి. కాశీ పుణ్యం తనకు దక్కితే చాలనుకునే మనిషి ఇవన్నీ రాయడు. తన వెనక ఎప్పుడో రాబోయేవాడి దాహం కూడా తనకు సంబంధించినదే అనుకున్నవాడే రాస్తాడు. అయితే ఆ యాత్రకు మరో ముఖమూ ఉంది. వీరాస్వామయ్య పల్లకీలో వెళ్లాడు. పల్లకీ మోసింది బోయీలు. కొండ ఎక్కిన కష్టం ఎక్కువ భాగం వారిది. కాశీకి పోయిన పుణ్యాత్ముల లెక్కలో వారి పేర్లు మనకు మిగలలేదు. తోడు అంటే ఎవరెవరు అన్న ప్రశ్న అప్పటి నుంచీ మన ముందు ఉంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. కొండల్లో సాగిన యాత్రలన్నిటిలోకీ గొప్పది పాండవుల మహాప్రస్థానం. విరాటపర్వం నుంచి స్వర్గారోహణం దాకా పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన ద్వారా అది మన ఇళ్లలోకి వచ్చింది. అందులో ధర్మరాజు ముందు నడుస్తాడు. ద్రౌపది, ఆ తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా కూలిపోతారు. ధర్మరాజు ఆగడు, వెనుదిరిగి చూడడు. ఎందుకు పడ్డారని భీముడు అడిగితే ఒక్కొక్కరి దోషం చెప్పి సాగిపోతాడు. ధర్మం తెలిసినవాడే ఇలా చేస్తే వెనకవాడి కోసం ఆగడం ధర్మమని ఎలా అంటాం? జవాబు ఆ కథలోనే ఉంది. మొదటిది, వారంతా ప్రాణాలు వదలడానికే సంకల్పించుకుని బయలుదేరారు. పడ్డవారికి చేయగల సాయం ఏదీ మిగలలేదు. సాయం చేయగలిగి ఉండీ ముందుకు పోయేవాడికి ఈ ఉదాహరణ అక్కరకు రాదు. రెండవది, కథ అక్కడ ముగియదు. ఇంద్రుడు రథం తెస్తే తమ్ముళ్లూ ద్రౌపదీ లేకుండా రానంటాడు ధర్మరాజు. వారు ముందే చేరారని చెప్పాక, వెంట నడిచివచ్చిన కుక్కను వదిలి ఎక్కనంటాడు. స్వర్గంలో అడుగుపెట్టాక కూడా తనవాళ్లు నరకంలో ఉన్నారని చూసి, వాళ్లున్న చోటే తనకు స్వర్గమని అక్కడే నిలబడతాడు. వెనుదిరిగి చూడని మనిషిని ఇతిహాసం మళ్లీ మళ్లీ అదే ప్రశ్న దగ్గరకు తెచ్చి పరీక్షించింది. అతను నెగ్గింది ఎత్తు ఎక్కి కాదు, ఎక్కనని చెప్పి. పైగా అక్కడ యముడే కుక్క రూపంలో వచ్చాడు. అది అన్నదమ్ముల్లో ఒకటి కాదు, ఎవరూ పిలిచింది కాదు. నమ్మి వెంట వచ్చింది, అంతే. నమ్మి వెంట వచ్చినవాడు తోడే అన్నది మహాభారతం చివరి పాఠాల్లో ఒకటి.

మోక్షం ఎవరిది వారిదే కదా, పోయేటప్పుడు ఎవరూ వెంట రారు కదా అన్నది రెండో ఆక్షేపణ. నిజమే. బౌద్ధుల ఖడ్గవిషాణ సూత్రం కూడా ఒంటరిగా తిరగమనే చెబుతుంది. కానీ వివేకం గల తోడు దొరికితే అతనితో కలిసి సాగమని అదే సూత్రం అంటుంది. మన వైష్ణవంలో దీనికి ఇంకా గట్టి సమాధానం ఉంది. గోష్ఠీపూర్ణుల వద్ద రహస్యంగా ఉపదేశం పొందిన అష్టాక్షరిని రామానుజులు గుడి గోపురం ఎక్కి అందరికీ చాటారని, గురువాజ్ఞ మీరినందుకు తనకు నరకం వచ్చినా ఇంతమంది తరిస్తే చాలన్నారని గురుపరంపర చెబుతుంది. తరించేది ఎవరికి వారే కావచ్చు. అయినా దారి తెలిసినవాడు తెలియనివాడి కోసం ఏం చేశాడన్నది లెక్కలోకి వస్తుంది. ఎత్తుకు ఎక్కడం వెనకవారికి వినిపించడానికి కూడా అని రామానుజుల గోపురం నేర్పుతుంది.

మూడో ఆక్షేపణ లోకజ్ఞానంతో వచ్చేది. ఏడాదంతా దాచుకున్న సెలవులు, డబ్బు ఒక్కడి తలనొప్పి కోసం పదిమంది పోగొట్టుకోవాలా? అక్కరలేదు. బలమున్నవాడి ఆనందమూ విలువైనదే. దాన్ని తొక్కేసే నియమం ఎక్కువకాలం నిలవదు కూడా. ధర్మం కోరేది ఇంతే: ఎవరినీ ఒంటరిగా వదలకూడదు. ఒకరిద్దరు తోడు దిగితే మిగతావారు నిశ్చింతగా ఎక్కవచ్చు, అందులో తప్పు లేదు. కాకపోతే ఎవరు దిగాలన్నది ఊళ్లో ఉన్నప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే అనుకోవాలి. కనుమ మీద జబ్బుపడ్డవాణ్ణి అడిగితే ‘నాకేం కాదు, మీరు పోండి’ అంటాడు. ఆ మాటను అంగీకారంగా తీసుకోకూడదు. మొహమాటం అతని చేత అలా అనిపిస్తుంది; ఎత్తు వల్ల వచ్చే జబ్బు ముదిరితే మెదడు వాచి తెలివే మసకబారుతుంది. తన మేలు తాను చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాడి పక్షాన మాట్లాడటమే స్నేహం.

ఇంతకీ ఇది పెట్రోలు తగలేసే సరదాయే, దీనికి ధర్మం అన్న పేరెందుకు అనేవారు మిగిలారు. వారి మాటలో నిజముంది. కొండల్లో పారేసిన ప్లాస్టిక్ సీసాలు, సైలెన్సర్ పీకేసిన బండ్ల మోత, అడవిదారిలో జంతువులను బెదిరించే వేగం ధర్మం కావు. కానీ అవి గుడికి పోయే బస్సుల వెనకా ఉంటాయి. గమ్యం వాటిని కడిగేయదు. గమ్యాన్ని పక్కనపెట్టి నడవడిని చూస్తే, తోడు అన్న వలయం మన గుంపు దగ్గర ఆగకూడదు. లడఖ్ రోడ్ల మీద చలిలో కంకర పరిచేవారిలో చాలామంది ఝార్ఖండ్ దుమ్కా వైపు నుంచి సరిహద్దు రోడ్ల సంస్థ పనికి వచ్చిన కూలీలు. ఎక్కేవారు ఎవరైనా వారి చెమట మీదే ఎక్కుతున్నారు. వారి పక్కన వేగం తగ్గించడం, దుమ్ము రేపకుండా పోవడం, కొండ ఊళ్ల నీళ్లను పాడుచేయకపోవడం కూడా వెనకవాడి కోసం ఆగడంలో భాగమే. అందుకే పిల్లలు బండ్లు సిద్ధం చేసుకుంటుంటే పెద్దలు కోప్పడి ఊరుకోకుండా కొన్ని ప్రశ్నలు అడగాలి. చివరి బండి ఎవరిది? ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎవరు తోడు దిగుతారు? తలనొప్పి వస్తే సిగ్గుపడకుండా చెప్పమని కొత్తవాడితో అన్నారా? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగల గుంపు ఏ కొండకు పోయినా యాత్రకే పోతున్నట్టు. చెప్పలేని గుంపు చివర గుడి ఉన్నా ఆ పేరుకు ఇంకా తగలేదు.