ఎడమచేతి బొటనవ్రేలు
ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:8

మిద్దెకు పిట్టగోడ లేనందున ఎవడైన పడినయెడల ఆ దోషము ఇంటివానిదేయని మోషే ధర్మశాస్త్రము. పడినవాడు చూచుకొని నడువలేదేమని అక్కడ ప్రశ్నయే లేదు.

బరువులెత్తు గొలుసు కప్పీకి పిట్టగోడ యేది? తనిఖీయే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము లిఫ్టులను ఆరు నెలలకు, గొలుసులను, త్రాళ్లను సంవత్సరమునకు ఒక్కసారియైనను పరీక్షింపించవలెనని విధించెను.

కొంతకాలము క్రిందట మన సహోదరుడొకని కుడిచేతి నాలుగు వ్రేళ్లు గొలుసుకును కొక్కెమునకును నడుమ నలిగిపోయెను. మేము ఆసుపత్రికి పోవుసరికే, యజమాని మనుష్యులు అతని ఎడమచేతి బొటనవ్రేలికి సిరా పూసి, "నాకిక రావలసినది ఏమియు లేదు" అను కాగితముపై ముద్ర వేయించుకొని పోయిరి. మేమో, చందా పోగుచేసి ఇచ్చి, ప్రార్థించి, ఇంటికి వచ్చితిమి. ఇప్పుడు సిగ్గుపడుచున్నాము. అట్టి ఒప్పందము చెల్లదని 1923 నాటి నష్టపరిహార చట్టమే చెప్పెను. సవరణల పిమ్మట దాని పట్టికలో ఒక చేతి నాలుగు వ్రేళ్లు పోయిన సంపాదనశక్తిలో నూటికి 50 పాళ్లు నష్టమని లెక్కగట్టిరి. అది చందాతో తీరు బాకీయా?

ఊచచెయ్యి గలవానిని యేసు మూలనుంచి స్వస్థపరచలేదు. సమాజమందిరములో అందరి నడుమ నిలువుమనెను. వచ్చు సోమవారము ఆ సహోదరుని వెంట మేము కార్మికశాఖ కార్యాలయమునకు పోవుచున్నాము. అతనితో పనిచేసినవారు సాక్ష్యమిచ్చుటకు రావలెను.