రక్తం కొలత, విమర్శ బాధ్యత: బీభత్స చలనచిత్రాల మార్గదర్శక గ్రంథాలపై ఒక నైతిక పరిశీలన

విమర్శకుడు ఒక కృతిని పాఠకుడికి పరిచయం చేసి, దాని గుణదోషాలను చెప్పడంతో అతని పని ముగుస్తుందా? ఆ పరిచయాన్ని పాఠకుడు ఎలా వాడుకుంటాడన్న దానికి కూడా అతడు జవాబుదారీ అవుతాడా? సాహిత్య విమర్శలో ఇవి పాత ప్రశ్నలే. రక్తపాతమే ప్రధానాకర్షణగా గల భయానక చలనచిత్రాలను వరుసగా పేర్కొని, వర్ణించి, వాటికి అంకెలు వేసే మార్గదర్శక గ్రంథాల విషయంలో మాత్రం ఇవి మరింత తీవ్రంగా ముందుకు వస్తాయి. ఈ గ్రంథాలపై పాఠకులు సాధారణంగా వెలిబుచ్చే అభిప్రాయాలను ఆధారంగా చేసుకొని, వాటి వెనుకనున్న నైతిక సమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

1960లో వచ్చిన హిచ్‌కాక్ 'సైకో' స్నానాల గది హత్యతో ప్రేక్షకులను దిగ్భ్రాంతికి గురిచేసింది. అయితే అందులోని హింస చాలావరకు కూర్పులోనే ఉంది. కత్తి శరీరంలో దిగడాన్ని కెమెరా చూపిన దానికంటే ప్రేక్షకుడు ఊహించుకున్నదే ఎక్కువ. 1963లో హెర్షెల్ గోర్డన్ లూయిస్ తీసిన 'బ్లడ్ ఫీస్ట్' ఆ ఊహకు తావివ్వలేదు. తెగిన అవయవాలను రంగుల్లో, దాపరికం లేకుండా చూపింది. ఈ ధోరణికి తొలి చిత్రంగా సినీ చరిత్రకారులు సాధారణంగా దీనినే పేర్కొంటారు. జార్జ్ రొమీరో తన 'డాన్ ఆఫ్ ది డెడ్' (1978) చిత్రాన్ని వర్ణిస్తూ వాడిన 'స్ప్లాటర్' అన్న మాట ఈ తరహా సినిమాలన్నిటికీ పేరుగా స్థిరపడింది. ఆ మాటను గ్రంథశీర్షికకు ఎక్కించి విస్తృత ప్రచారంలోకి తెచ్చినవాడు జాన్ మెకార్టీ.

1980ల నాటికి వీడియో క్యాసెట్లు ఇళ్లలోకి వచ్చాయి. అద్దె దుకాణంలో వందలకొద్దీ అట్టపెట్టెల ముందు నిలబడిన ప్రేక్షకుడికి ఏది చూడదగినదో చెప్పేవాళ్లు అవసరమయ్యారు. ప్రధాన స్రవంతి పత్రికల విమర్శకులు ఈ సినిమాలలో అధిక భాగాన్ని పట్టించుకోలేదు. ఆ ఖాళీని అభిమానులే రాసిన మార్గదర్శక గ్రంథాలు నింపాయి. వాటిలో చాస్ బాలన్ రచించిన 'ది గోర్ స్కోర్' ప్రత్యేకంగా పేర్కొనదగినది. అతడు ప్రతి చిత్రానికీ రెండు కొలతలు ఇచ్చాడు. మొదటిది సినిమాగా దాని విలువ. రెండవది అందులో చిందిన రక్తమాంసాల పరిమాణం. ఈ రెండింటికీ సంబంధం ఉండనక్కరలేదు. మంచి చిత్రానికి రెండవ అంకె తక్కువ రావచ్చు, నాసిరకం చిత్రానికి ఎక్కువ రావచ్చు.

పాఠకుల ఆక్షేపణలు

ఇటువంటి గ్రంథాలపై వెలువడే పాఠకాభిప్రాయాలను స్థూలంగా నాలుగు వర్గాలుగా విభజించవచ్చు. మొదటి వర్గం గ్రంథాన్ని జాబితాగా చూస్తుంది. తాము వినని సినిమాలు ఎన్ని దొరికాయి, వివరాలు సరిగా ఉన్నాయా, తమకిష్టమైన చిత్రం తప్పిపోయిందా అన్నవే వీరి ప్రమాణాలు. రెండవ వర్గం విమర్శకుడి అభిరుచితో పేచీ పెట్టుకుంటుంది. తాము మెచ్చిన చిత్రాన్ని అతడు తేలికగా కొట్టిపారేశాడని వీరి కినుక. మూడవ వర్గానికి అభ్యంతరం ధోరణి మీద. మనుషులు ముక్కలయ్యే దృశ్యాలను వంటకాల రుచి చెప్పినట్టు హాస్యంగా వర్ణించడం వీరికి మింగుడుపడదు. నాలుగవ వర్గం గురించి చర్చ తక్కువ. వీరు ఏది చూడకూడదో తెలుసుకోవడానికే గ్రంథాన్ని తెరుస్తారు. హింసలో ఫలానా రకాన్ని తట్టుకోలేమని తెలిసినవాళ్లు, పిల్లలున్న ఇంట్లో ఏ క్యాసెట్ ఉండవచ్చో నిర్ణయించుకోవలసినవాళ్లు ఈ వర్గంలోకి వస్తారు.

ఈ నాలుగు వర్గాలవారూ చదివేది ఒకే వాక్యం. 'ఈ చిత్రంలో కన్ను పెరికే దృశ్యం సుదీర్ఘంగా ఉంది' అని విమర్శకుడు రాస్తే మొదటి వర్గానికి అది సమాచారం, నాలుగవ వర్గానికి హెచ్చరిక, మరికొందరికి ఆహ్వానం. వాక్యం మారలేదు, దాని ఉపయోగం మారింది. కాబట్టి ఇటువంటి రచన సమాజానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని పర్యవసానాన్ని బట్టి తేల్చబోతే వాదం ఎక్కడికీ చేరదు.

బ్రిటన్ అనుభవం దీనికి నిదర్శనం. అక్కడ 1980ల తొలినాళ్లలో 'వీడియో నాస్టీస్' పేరిట పెద్ద ఆందోళన చెలరేగింది. ప్రాసిక్యూషన్ల అధికారి కార్యాలయం విచారణార్హమైన చిత్రాల జాబితాను ప్రకటించింది. వేర్వేరు దశల్లో ఆ జాబితాకెక్కిన చిత్రాలు మొత్తం 72. 1984లో వీడియో రికార్డింగ్స్ చట్టం వచ్చింది. నివారణకోసం తయారైన ఆ జాబితాయే తరువాతి కాలంలో సేకరణకర్తలకు కొనుగోలు పట్టికగా మారింది. రాజ్యం రాసిన నిషేధపత్రానికే ఈ గతి పట్టినప్పుడు, విమర్శకుడి వాక్యం ఒకే ప్రయోజనానికి కట్టుబడి ఉండాలని కోరడం అసాధ్యం.

అంకె చెప్పనిది

పర్యవసానానికి బాధ్యత లేదన్నంత మాత్రాన విమర్శకుడికి ఏ బాధ్యతా లేదని కాదు. అతని బాధ్యతను వర్ణనలోనే వెతకాలి. తాను కొలిచినది ఏమిటో, ఆ కొలతలో పట్టనిది ఏమిటో అతడు చెప్పాడా అన్నది ముఖ్యమైన ప్రశ్న.

టోబీ హూపర్ తీసిన 'ది టెక్సాస్ చైన్ సా మాసకర్' (1974) పేరు వింటేనే రక్తం గుర్తుకు వస్తుంది. నిజానికి తెరమీద చిందే రక్తం చాలా తక్కువ. పరిమాణాన్ని మాత్రమే కొలిచే పద్ధతిలో దానికి పెద్ద అంకె రాదు. అయినా దానిని చూసినవాళ్లు ఎంతో రక్తం చూసినట్టు చెప్పుకుంటారు. ఇక్కడ అంకె అబద్ధం చెప్పలేదు, కానీ అనుభవాన్ని అందుకోలేదు. నాలుగవ వర్గం పాఠకుడు ఆ చిన్న అంకెను నమ్మి చిత్రం చూస్తే మోసపోయినట్టే భావిస్తాడు.

ఇంతకంటే తీవ్రమైన ఉదాహరణ రుజెరో డియొడాటో చిత్రం 'కానిబల్ హోలోకాస్ట్' (1980). ఇందులోని నరహత్యలు నటన. అవి ఎంత నమ్మదగినట్టు ఉన్నాయంటే, నటులు బతికే ఉన్నారని దర్శకుడు ఇటలీ న్యాయస్థానంలో నిరూపించుకోవలసి వచ్చింది. కానీ అదే చిత్రంలో జంతువులను నిజంగానే చంపారు. ఒక పెద్ద తాబేలును కెమెరా ముందే కోశారు. రక్తం పరిమాణాన్ని కొలిచే అంకెకు కృత్రిమ రక్తానికీ తాబేలు రక్తానికీ తేడా తెలియదు. రెండూ ఒకే ఖాతాలో చేరతాయి.

ఈ తేడాను గుర్తించడానికి భారతీయ కావ్యశాస్త్రం ఒక మార్గం చూపుతుంది. నాట్యశాస్త్రం బీభత్సానికి జుగుప్సను స్థాయిభావంగా చెప్పి, రక్తాదుల వల్ల కలిగేదాన్ని క్షోభజమనీ, మలక్రిములవంటి వాటివల్ల కలిగేదాన్ని ఉద్వేగి అనీ వేరుచేసింది. అంటే కేవల పరిమాణంతో తృప్తిపడక, జుగుప్సకు మూలమేమిటో అడిగింది. అభినవగుప్తుడు భయానకాన్ని వివరిస్తూ శాకుంతలంలో దుష్యంతుడి రథానికి బెదిరి పరుగెత్తే లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. సహృదయుడు అనుభవించే భయం ఆ లేడిదీ కాదు, తనదీ కాదు. దేశకాలవ్యక్తుల పరిమితి తొలగి సాధారణీకరణం పొందిన భయం. అందుకే అది ఆస్వాదయోగ్యమవుతుంది.

ఈ సిద్ధాంతంలో చెప్పకనే చెప్పిన ఒక షరతు ఉంది. రంగస్థలం మీద ఏ లేడీ బాణం దెబ్బ తినడంలేదు. 'కానిబల్ హోలోకాస్ట్'లోని తాబేలు ఆ షరతును భగ్నం చేస్తుంది. దాని బాధ ఆ తాబేలుదే, ఆ రోజుదే, ఆ చోటిదే. దాన్ని సాధారణీకరించే అధికారం ప్రేక్షకుడికి లేదు. ఈ తేడాను చెప్పకుండా అంకె మాత్రమే వేసిన మార్గదర్శకుడు పాఠకుడి అభిరుచిని గౌరవించినట్టు కనిపించవచ్చు. నిజానికి నిర్ణయించుకోవడానికి అతనికి అవసరమైన విషయాన్నే దాచినట్టవుతుంది.

హాస్యధోరణి, చూసే చూపు

మూడవ వర్గం పాఠకుల ఆక్షేపణను ఇప్పుడు పరిశీలించాలి. హాస్యధోరణిని సమర్థించేవారి వాదంలో బలం లేకపోలేదు. ఈ చిత్రాల అభిమానులు చూసేది మరణాన్ని కాదని, రబ్బరుతో, రంగుతో దాన్ని భ్రమింపజేసిన పనితనాన్ని అని వారంటారు. 'డాన్ ఆఫ్ ది డెడ్'కు మేకప్ చేసిన టామ్ సావీని అంతకుముందు వియత్నాం యుద్ధంలో ఛాయాగ్రాహకుడు. అసలు శవాలను చూసిన మనిషి నకిలీ శవాలను తయారుచేశాడు. ఆ నైపుణ్యాన్ని మెచ్చుకోవడం క్రూరత్వం కాదు. నవ్వు ఇక్కడ భ్రమను భ్రమగా గుర్తించడానికి ఒక సాధనం.

అయితే ఈ సమర్థన అన్ని చిత్రాలకూ ఒకే తీరున వర్తించదు. 'ఐ స్పిట్ ఆన్ యువర్ గ్రేవ్' (1978) చిత్రంలో ఒక స్త్రీపై సామూహిక అత్యాచారం, ఆపై ఆమె ప్రతీకారం ఉంటాయి. రోజర్ ఈబర్ట్ దీనికి ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు. తెరమీది దృశ్యాలతోపాటు తన చుట్టూ కూర్చున్న ప్రేక్షకుల స్పందన అతణ్ణి కలవరపరిచింది. కారల్ క్లోవర్ 'మెన్, విమెన్ అండ్ చైన్ సాస్' (1992) గ్రంథంలో ఇదే చిత్రాన్ని గంభీరమైన పరిశీలనకు తీసుకుంది. ఇటువంటి చిత్రాల్లో పురుష ప్రేక్షకుడు హంతకుడితోనే నిలుస్తాడన్న స్థిరాభిప్రాయాన్ని ప్రశ్నించి, అతడు బాధిత స్త్రీతో మమేకమయ్యే తీరును వివరించింది.

ఈ ఇద్దరి నిర్ణయాలు పరస్పర విరుద్ధాలు. అయినా ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఈ దృశ్యాన్ని ప్రేక్షకుడు ఎవరి పక్షాన నిలబడి చూస్తున్నాడు? ఆ ప్రశ్నకు వేర్వేరు జవాబులు రావడం విమర్శకు సహజం. ఆ ప్రశ్న అడగకుండానే నవ్వించి సాగిపోవడం లోపం. మూడవ వర్గం పాఠకులు నవ్వును ఆక్షేపిస్తున్నట్టు కనిపించినా, వారు వెలితిగా భావిస్తున్నది ఈ ప్రశ్ననే అని గ్రహించవచ్చు.

రక్తాన్ని వర్ణించడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. భారతయుద్ధంలో భీముడు దుశ్శాసనుడి రక్తం తాగే ఘట్టాన్ని మించిన బీభత్సం అరుదు. కానీ మహాభారతం ఆ దృశ్యాన్ని అక్కడితో వదిలివేయదు. స్త్రీపర్వంలో గాంధారి ఎదుట భీముడు ఆ రక్తానికి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. అది పెదవి దాటి లోపలికి పోలేదని అతడు చెప్పుకొంటాడు. ఆ తరువాత రణభూమి మొత్తాన్ని పాఠకుడు గాంధారి చూపుతో చూడవలసి వస్తుంది. యుద్ధపర్వాల్లో చిందిన రక్తానికి స్త్రీపర్వం లెక్క అడుగుతుంది. ప్రతి చిత్రానికీ ఒక స్త్రీపర్వం ఉండాలని కోరడం అసంబద్ధం. అయితే చనిపోయినవారికోసం ఏడ్చేవారికి ఈ చిత్రంలో చోటుందా అన్నది విమర్శకుడు ఒక్క వాక్యంలో చెప్పగల విషయం. రక్తం పరిమాణం కంటే అది పాఠకుడికి ఎక్కువ తెలియజేస్తుంది.

ఒక అభ్యంతరం

నైతిక ప్రశ్నలను ప్రవేశపెడితే మార్గదర్శకుడు సెన్సారు అధికారిగా మారతాడన్న అభ్యంతరం సహేతుకమైనదే. అభిమానులే రాసిన ఈ గ్రంథాలు పెద్దమనుషుల తీర్పుల నుంచి తప్పించుకోవడానికే పుట్టాయన్నది కూడా వాస్తవం. అయితే వర్ణించడం వేరు, నిషేధించడం వేరు. 1969లో ఈబర్ట్ రొమీరో చిత్రం 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' గురించి రాస్తూ, పగటి ఆటకు వచ్చిన పిల్లలు మొదట కేరింతలు కొట్టి, క్రమంగా నిశ్శబ్దమై, చివరికి భయంతో ఏడ్చిన తీరును వర్ణించాడు. సెన్సారు దీనికి పరిష్కారమని అతడు వాదించలేదు. ఆ పిల్లలకు గానీ, వారిని అక్కడ దింపి వెళ్లిన తల్లిదండ్రులకు గానీ అది ఎటువంటి చిత్రమో తెలియదు. ఏమీ తెలియకుండా చూడవలసిరావడంలో స్వేచ్ఛ లేదు. కాబట్టి సమగ్రమైన వర్ణన ప్రేక్షకుడి స్వేచ్ఛకు అడ్డుకాదు, ఆధారం.

ముగింపు

పై చర్చను బట్టి రక్తపాత చిత్రాల మార్గదర్శకుడికి మూడు కర్తవ్యాలను నిర్ణయించవచ్చు. తెరమీద బాధ నటనా, నిజమా అన్నది స్పష్టంగా చెప్పడం మొదటిది. ఆ బాధను చిత్రం ఎవరి పక్షాన నిలిచి చూపుతున్నదో విచారించడం రెండవది. తన కొలత దేనిని కొలవలేదో ఒప్పుకోవడం మూడవది. ఈ మూడూ నెరవేరినప్పుడు అతడు ఎంత నవ్వించినా, ఏ చిత్రాన్ని మెచ్చినా, ఆ గ్రంథం నిజాయితీ గలదే అవుతుంది.

ఈ విచారణ పరదేశపు సినిమాలకే పరిమితం కాదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం యు/ఎ ధ్రువీకరణను 7, 13, 16 ఏళ్ల వయోపరిమితులుగా విభజించింది. ధ్రువపత్రం వయసు చెబుతుంది, సమీక్షల్లో అయిదింటికి వేసే అంకె అభిరుచి చెబుతుంది. తెలుగు తెరమీద కత్తులూ రక్తమూ పెరుగుతున్న కాలంలో, బాధ స్వభావాన్ని చెప్పే పని ఈ రెండింటికీ మధ్య మిగిలిపోతున్నది. రసచర్చలో ఇంత సూక్ష్మమైన పరిభాషను వారసత్వంగా పొందిన తెలుగు విమర్శ ఆ పనిని చేపట్టడం అవసరం.