అరికాలికి తెలిసేది

పొద్దున్నే పార్కులో గరిక మీద చెప్పుల్లేకుండా నడుస్తాను. ఎవరైనా అడిగితే ఆరోగ్యానికని చెబుతాను. అది సగం నిజమే. మిగతా సగం భయం.

మా నాన్నకు షుగరు. ఆఖరి రోజుల్లో చెప్పు కాలి నుంచి జారిపోయినా ఆయనకు తెలిసేది కాదు. ఓసారి అరికాల్లో పల్లేరుకాయ దిగబడితే, సాయంత్రం అమ్మ కాళ్లు కడుగుతూ నెత్తురు చూసి కనిపెట్టింది. అన్నేళ్లూ నల్లరేగడి చేలో వట్టి కాళ్లతో తిరిగిన మనిషి! కాళ్లు కాయలు కాసినందుకు స్పర్శ పోదు. కెన్యాలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ల పాదాలను పరీక్షించి, చర్మం ఎంత మందమైనా స్పర్శ తగ్గదని 2019లో నేచర్ పత్రికలో రాశారు. నాన్న నరాలను తినేసింది షుగరే.

అందుకే నా నడకలో సగం పరీక్ష. మంచు తడి తెలుస్తోందా? గులకరాయి గుచ్చుకుందా? చిటికెన వేలి దగ్గర కూడా తెలిసిందా? తెలిసిన ప్రతిసారీ ప్రాణం కుదుటపడుతుంది.

ఇందులో సుఖమూ ఉంది, కాదనను. పాదంలో 26 ఎముకలున్నాయి. మెత్తటి బూటులో బద్ధకించే చిన్న కండరాలు నేల తగలగానే పనిలోకి దిగుతాయి. తడిగడ్డి మీద నడవమని 19వ శతాబ్దంలోనే బవేరియాలో క్నైప్ అనే ఫాదరీ తన దగ్గరికొచ్చిన రోగులకు చెప్పేవాడు. భూమిలోని ఎలక్ట్రాన్లు ఒంట్లోకి ఎక్కి జబ్బులు తగ్గిస్తాయనే మాటకు మాత్రం గట్టి రుజువు లేదు. నేను నమ్మను.

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చెప్పుల్లేకుండా కాళ్లు కాలినా దేవుణ్ణి ఏమీ అడగలేదు, ఆ బాధను ఆయనకే ఇచ్చేశాను. ఇప్పుడు అడుగడుక్కీ నేలను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. నాన్నకు చెప్పులు కొనుక్కునే స్తోమత లేని రోజులు గుర్తొస్తే, ఖరీదైన జోడు గట్టున విడిచి నడవడం లోపలెక్కడో కలుక్కుమంటుంది. ఆ నొప్పికి నా దగ్గర మందు లేదు.

షుగరున్నవాళ్లకు ఒక్క మనవి. ఇది చదివి చెప్పులు విడవకండి. ముందు డాక్టరుకు పాదాలు చూపించుకోండి. సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకి, మీకు తెలుస్తోందో లేదో అడుగుతారు. నొప్పి ఉండదు, ఎక్కువసేపు పట్టదు. స్పర్శ తగ్గిందని తేలితే ఇంట్లో కూడా చెప్పులేసుకునే తిరగండి. రోజూ రాత్రి అరికాళ్లు ఎవరికైనా చూపించుకోండి.