మంచివాడి పక్కన చెడ్డవాడు

గుద్దులాటలంటే నాకు బొత్తిగా గిట్టదు. ఇద్దరు మగపిల్లల్ని పెంచినదాన్ని, ఆ వేడుక మళ్లీ తెర మీద కూడా చూడాలా? అయినా మా చిన్నవాడు పోరగా పోరగా, మొన్న ఆదివారం వాడి పక్కన కూర్చుని ‘సిండ్రెల్లా మాన్’ చూశాను. 2005లో వచ్చిన సినిమా. జేమ్స్ బ్రాడక్ అనే అమెరికా బాక్సరు జీవితకథ.

కూర్చున్నాక లేవలేకపోయాననుకోండి. 1930ల నాటి కరువు రోజులు. చెయ్యి విరిగి, పందాలు లేక, ఆ మహానుభావుడు రేవులో కూలికెళతాడు. ఇల్లాలు పాలల్లో నీళ్లు కలుపుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. నెలాఖరున ఆ పని చెయ్యని ఇల్లాలెవరు? పెద్దకొడుకు కొట్లో మాంసం దొంగిలించుకొస్తే, తండ్రి వాణ్ని వెంటబెట్టుకెళ్లి తిరిగి ఇప్పిస్తాడు. సర్కారు దగ్గర పుచ్చుకున్న సాయం డబ్బు, రోజులు బాగుపడ్డాక తిరిగి కట్టేస్తాడు. ఇది కల్పన కాదు, నిజంగా జరిగిందే. 1935 జూన్ 13న మాక్స్ బేర్‌తో 15 రౌండ్లు పోరాడి, గెలిచి, ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియనయ్యాడు.

ఆ మాక్స్ బేర్ దగ్గరే వచ్చింది చిక్కు. సినిమాలో అతను రాక్షసుడు. ఇద్దర్ని పొట్టనబెట్టుకుని కూడా చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా హోటల్లో బ్రాడక్ భార్యతో, నువ్వు విధవరాలివవుతావని వేళాకోళం! నేనూ పళ్లు నూరాను. అంతా అయ్యాక మావాడు తాపీగా చెప్పాడు. 1930లో బేర్ దెబ్బలకి ఫ్రాంకీ కాంప్‌బెల్ అనే అతను చనిపోయిన మాట నిజమేనట. కాని బేర్ దానికి కుమిలిపోయాడట, ఆ కుటుంబానికి డబ్బు సాయం కూడా చేశాడట. 1959లోనే పోయిన తండ్రిని ఇలా చూపించారని బేర్ కొడుకు చాలా నొచ్చుకున్నాడట.

“కథకి విలన్ ఉండాలి కదమ్మా!” అన్నాడు మావాడు.

ఉండాలి, సరే. కరువు చాలదూ? విరిగిన చెయ్యి చాలదూ? కల్పించిన పాత్రకి ఎన్ని కోరలైనా పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? పేరూ ఊరూ ఉన్న మనిషికి, అందులోనూ లేచొచ్చి కాదని చెప్పుకోలేని మనిషికి పెట్టవచ్చునా? పుచ్చుకున్న సాయం తిరిగి కట్టేసిన మనిషి కథ చెబుతూ, ఇంకొకడి పరువు అప్పు తెచ్చి ఎగ్గొట్టారే!

ఇలా ఆవేశపడుతూనే వంటింట్లోకెళ్లాను. బియ్యం కొలుస్తుంటే చెయ్యి ఆగింది. మా కాపురం కొత్తలో పడ్డ ఇబ్బందులు పిల్లలకి వందసార్లు చెప్పుంటాను. ఆ కథలో మా తోటికోడలు బియ్యం డబ్బాకి తాళం వేసుకున్న మనిషి. వేసిన మాట అబద్ధం కాదు. కాని మా పెద్దవాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు మెళ్లో గొలుసు తీసి నా చేతిలో పెట్టిందీ ఆవిడే. ఆ ముక్క చెబితే నా కష్టం పలచబడుతుందనుకున్నానో ఏమో, ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ పోయి పదకొండేళ్లు.

“ఒరేయ్, ఇలా రా. పెద్దమ్మ గురించి ఓ సంగతి చెప్పాలి” అని కేకేశాను.

“మళ్లీ ఆ బియ్యం డబ్బా కథేనా అమ్మా?” అన్నాడు వాడు అక్కణ్ణించే.