నన్ను లెక్కల ఎందుకేసినవ్?

ఆ కాగితం మీద పేర్లు రాసిన చెయ్యి నాదే. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా అమ్మకి చదువు రాదు. బోధన్‌లో మేం కొత్తగా వెళ్ళడం మొదలుపెట్టిన ఒక చర్చిలో, ఉపవాస ప్రార్థనల ముందు ఇంటికో కాగితం ఇచ్చారు. దాని మీద 'రక్షణ లేని' ఐదుగురి పేర్లు రాయాలి. ఏడాది పొడుగునా వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యాలి, వాళ్ళతో స్నేహం చెయ్యాలి, చివరికి కూటానికి తీసుకురావాలి. అమ్మ చెబుతుంటే నేను రాశాను. మొదటి పేరు పక్కింటి అత్తది.

అత్త మాకు చుట్టం కాదు. వాళ్ళు పద్మశాలీలు, మేం మాలోళ్ళం. మా నాయిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చెరుకు ఆడినన్నాళ్ళే పని. మిగతా నెలల్లో ఇల్లు గడిచేది అమ్మ బీడీల మీదే. అత్తదీ అదే బతుకు. ఒకే అరుగు మీద, చెరో చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ పదేళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. సాయంత్రం లెక్కకి అమ్మకో కట్ట తక్కువైతే అత్త చేబదులిచ్చేది. అత్తకి జ్వరమొస్తే అమ్మ రాత్రి దీపం పెట్టుకుని ఆమె వంతు కూడా చుట్టేది. మొగుళ్ళ తాగుడు, అత్తల సాధింపు, పురుళ్ళు, పోయిన పిల్లలు... ఆ అరుగుకి తెలియని సంగతి ఉండేది కాదు. ఏసుక్రీస్తు సంగతి కూడా అక్కడ వచ్చేది. ఎల్లమ్మ సంగతీ వచ్చేది. ఎవరూ ఎవరినీ ఆపేవాళ్ళు కాదు.

ఒకరోజు అత్త కూతురు నా బైబిల్‌లో దాచుకున్న సినిమా బొమ్మ కోసం వెతుకుతుంటే ఆ కాగితం దొరికింది. వాళ్ళమ్మకి చదివి వినిపించింది. అత్త మా గడప దగ్గరకొచ్చి నిలబడింది.

"ఏందొదినె, నా పేరు గీ కాయితంల ఎందుకున్నది?"

"నీ మంచికే వదినె. నీ కోసం ప్రార్థన జేస్తున్న."

"జేస్తె జేసినవ్, మంచి కోరితె నాకెందుకు కోపం? గని నన్ను లెక్కల ఎందుకేసినవ్? పదేండ్ల సంది నా పక్కన కూసున్నది గిందుకేనా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తలెత్తకుండానే అంది: "నువ్వు గూడ పదేండ్ల సంది కూసున్నవ్ వదినె. ఒక్కనాడన్న నా ఇంట్ల మంచినీళ్ళు తాగినవా?"

అత్త వెళ్ళిపోయింది. ఆ రెండు ప్రశ్నలూ మాత్రం ముప్పై ఏళ్ళుగా నాతోనే ఉన్నాయి. విశ్వాసాన్ని తన సంఘం బయటి మనిషితో పంచుకోవాలనుకునే స్త్రీ, ఆ మనిషితో నిజంగా స్నేహంగా ఉండగలదా? ఈ ప్రశ్నని నేను చదివిన వేదాంత గ్రంథాలకంటే ఆ గడప దగ్గరే ఎక్కువ స్పష్టంగా విన్నాను.

మన క్రైస్తవ తెలుగులో ఒక మాట ఉంది: ఆత్మల సంపాదన. చిన్నప్పటి నుంచీ వింటున్న మాట కాబట్టి అందులో వింత కనిపించదు. మా ఇంట్లో సంపాదన అంటే రోజుకి వెయ్యి బీడీలు. ఇరవై ఐదు ఒక కట్ట, నలభై కట్టలు. కార్ఖానాలో లెక్క చూసేవాడు బాగాలేవని పక్కన పడేసిన వాటికి కూలీ రాదు. ఆ మాటే స్నేహితురాలి మీద పడితే ఏమవుతుంది? ఆమె కూటానికి వస్తే లెక్కకొచ్చినట్టు, రాకపోతే తీసి పక్కన పడేసినట్టు. మనిషిని సాధనంగా వాడుకోకూడదని తత్వవేత్తలు చెప్పారు. అత్త ఆ సంగతినే 'లెక్క' అన్న ఒక్క మాటలో చెప్పింది.

ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. అరుగుల మీద, బావుల దగ్గర, నాట్లలో, ఆసుపత్రి వరండాల్లో స్నేహాలు కట్టుకునేది ఆడవాళ్ళు. వెనకటి మిషన్ల కాలంలో మగ బోధకులు అడుగుపెట్టలేని ఇళ్ళలోకి వెళ్ళింది బైబిలు స్త్రీలే. ఇవాళ్టికీ ఇంటింటికీ తిరిగేది, రోగుల తలగడ దగ్గర కూర్చునేది ఎక్కువగా వాళ్ళే. ప్రసంగ వేదిక మీద మాత్రం చాలా చోట్ల మగవాడే. దక్షిణ భారత సంఘంలో మొదటి మహిళా బిషప్‌గా పుష్పలలిత నంద్యాలలో అభిషేకం పొందింది 2013లో. సంఘం ఏర్పడిన 1947 నుంచి లెక్కేస్తే అరవై ఆరేళ్ళు పట్టింది. బీడీ చుట్టేది ఆడవాళ్ళు, కట్ట మీద అచ్చయ్యే పేరు కంపెనీది. మా అమ్మ పదేళ్ళ స్నేహం ఒక పాస్టరుగారి వార్షిక నివేదికలో అంకెగా మారబోయిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అయితే విశ్వాసం గురించి నోరెత్తకుండా ఉండటమే స్నేహమా? మతం వ్యక్తిగతం, బయట మాట్లాడకూడదు అని నా అభ్యుదయ మిత్రురాళ్ళు చాలామంది అంటారు. వ్యక్తిగతమే రాజకీయమని చెప్పుకున్న మనం ఒక్క మతం దగ్గరే ఎందుకు ఆ మాట వెనక్కి తీసుకుంటాం? మా అమ్మని పూర్తి పేరుతో, గౌరవంగా పిలిచిన మొదటి చోటు చర్చి. నలుగురిలో నిలబడి తన బాధ తన మాటల్లో చెప్పుకుంటే 'సాక్ష్యం' అని శ్రద్ధగా విన్న మొదటి చోటు కూడా అదే. తన బతుకుని నిలబెట్టిన విషయాన్ని దాచుకుని మనిషి స్నేహం ఎలా చేస్తుంది? దాచితే ఆ స్నేహంలో కూర్చునేది సగం మనిషే కదా.

ఈ మౌనం అడగడంలో ఒక చరిత్ర కూడా ఉంది. 1936లో అమెరికన్ మిషన్ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీజీ, మీరు ఆవుకి సువార్త చెబుతారా అని అడిగారు. అంటరానివాళ్ళలో కొందరికి ఆవుకున్నపాటి గ్రహింపు కూడా లేదన్నది ఆయన ఉద్దేశం. సేవ చెయ్యండి, మతం సంగతి ఎత్తకండి అన్న ఆ సలహాలో పైకి ఔదార్యం కనిపిస్తుంది. లోపల మాత్రం దళితులకి నమ్మేందుకూ కాదనేందుకూ బుద్ధి లేదన్న తీర్పు ఉంది. ఆ రోజుల్లో మతమార్పిడి విషయంలో గాంధీజీతో విభేదించిన వాళ్ళలో దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు.

అజరయ్య గురించి మన చర్చిల్లో గొప్పగా చెబుతారు గానీ ఆయన అడిగిన కష్టమైన ప్రశ్న గురించి చెప్పరు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి నిజాం రాజ్యంలోకి వచ్చి పనిచేసిన ఈ తమిళుడు, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడాడు. మీ మిషనరీల త్యాగాలకి మేం కృతజ్ఞులమే, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ మాకు స్నేహితులు కావాలి, అది మాత్రం మీరివ్వలేదు అన్నది ఆయన మాటల సారం. తోటి భారతీయ క్రైస్తవుణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోలేని వాళ్ళ గురించి ఆయన మాట్లాడాడు. సభలో కొందరికి ఆ మాట మింగుడుపడలేదు. రెండేళ్ళకి, 1912లో, ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఇవ్వడం తెలిసినవాళ్ళకి స్నేహం తెలిసి ఉండాలని లేదు. ఈ సంగతి మన ప్రాంతపు సంఘ చరిత్రలోనే నూరేళ్ళ కిందటే నమోదై ఉంది.

మా జిల్లాలోనే దీనికి రెండో వైపు కూడా ఉంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాదులో కుష్ఠు రోగుల దురవస్థ చూసి పని మొదలుపెట్టారు. 1915 నాటికి అది డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రిగా నిలబడింది. వైద్యానికి మెథడిస్టు మిషన్ ముందుకొస్తే, కట్టడానికి డబ్బిచ్చింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఇసబెల్ 1932లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. నేను నిజామాబాదు కాలేజీలో పాఠం చెబుతూ హైదరాబాదు వెళ్ళేటప్పుడల్లా డిచ్‌పల్లి దాటుతాను. దాటినప్పుడల్లా ఈ ఇద్దరి గురించే ఆలోచిస్తాను. ఒక క్రైస్తవ స్త్రీ తన విశ్వాసం దాచుకోకుండానే ఒక హిందువు సాయం తీసుకుంది. అతను మతం మార్చుకోకుండానే ఆ పనిలో భాగస్వామి అయ్యాడు. ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా తెలిసిన చోట లెక్క కుదరదు. ఎవరు ఎవరికి బాకీ అన్నది తేలదు.

కానీ అదే ఆసుపత్రిలో మంచం మీద పడుకున్న రోగి సంగతి ఏమిటి? ఊరు వెలేసింది. ఇల్లు రానివ్వదు. హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్ ఇచ్చే చేతులే ప్రార్థనకి కూడా పిలుస్తాయి. ఆమె 'నాకొద్దు' అనగలదా? ఆ చేతుల ప్రేమని నేను శంకించడం లేదు. ప్రేమ ఎంత నిజమైనా, కాదనే వీలు లేని మనిషి అనే 'అవును'కి ఎంత విలువ ఇవ్వగలం? అందుకే నాకు ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది. నర్సాగౌడ్ కాదనగలడు, ఆ రోగి అనలేదు. మా అత్త కాదనగలదు. గడప దగ్గరకొచ్చి అడగగలిగింది కూడా అందుకే. కాదనే స్వేచ్ఛ ఉన్న మనిషితోనే విశ్వాసం గురించిన మాట స్నేహంలో భాగమవుతుంది.

ఇక ఆ స్వేచ్ఛ మా అమ్మకి ఎంత ఉంది? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. మన దగ్గర క్రైస్తవులైన దళితులు కాగితాల మీద బి.సి.-సి. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ప్రచారమంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టే చెప్పింది. బోధన్ వాడల్లో ఈ తీర్పుల సారాంశం ఆడవాళ్ళకి ఇంకో రకంగా తెలుసు: పిల్లల సర్టిఫికెట్ కోసం ఆదివారం సంగతి ఎవరికీ చెప్పొద్దు. మాల, మాదిగ వాడల్లోని స్త్రీకి విశ్వాసం పంచుకోవడమంటే ఇంకొకరిని మార్చడం కంటే ముందు, తానెవరో బయటపెట్టుకోవడం. ఆ ప్రమాదం తెల్ల మిషనరీకి లేదు, ఊరు మధ్య ఇల్లున్న క్రైస్తవుడికీ లేదు. అమ్మ అత్తతో ఏసు సంగతి చెప్పిందంటే అత్తని నమ్మిందన్నమాట. ఆ నమ్మకాన్నే కాగితం మీదికి ఎక్కించి నేను పాడుచేశాను.

కానీ అత్త కూడా అమాయకురాలు కాదు. క్రిస్మస్‌కి అమ్మ మా పొయ్యి మీద చేసిన గర్జెలు ఆ ఇంటికి పంపేది కాదు. బేకరీలో కొన్న కేకు, అరటిపళ్ళు పంపేది. వండింది పంపితే అత్తని ఇబ్బంది పెట్టినట్టవుతుందని ఎవరూ చెప్పకుండానే తెలుసు. సద్దుల బతుకమ్మకి అత్త మలీద ముద్దలు పంపేది. విగ్రహాలకి పెట్టినది తినొద్దని చర్చి చెప్పినా అమ్మ ఒక ముద్ద విరిచి నోట్లో వేసుకునేది. ఇన్నేళ్ళూ అత్త వంట మా ఇంటికి వచ్చింది, మా వంట ఆమె ఇంటికి పోలేదు. కులం కూడా ఒక జాబితానే. మా పేర్లు మమ్మల్ని అడక్కుండానే దాంట్లో రాసి ఉన్నాయి.

ఆ గొడవ తర్వాత రెండు వారాలు అరుగు ఖాళీగా ఉంది. చెరో ఇంట్లో చెరో చాట. నేను ఆ కాగితం చింపి పొయ్యిలో వేశాను. అమ్మ ఏమీ అనలేదు. పాస్టరుగారు అడిగితే మాత్రం, "నా వదినె పేరు నా నోట్ల ఉంటది, కాయితంల ఉండదు" అంది. అమ్మ ప్రార్థన మానలేదు. కూటానికి పిలవడం మాత్రం మానేసింది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం అత్త చాట పట్టుకుని వచ్చి కూర్చుంది. ఎండ తీవ్రంగా ఉంది. కాసేపు ఇద్దరూ మాట్లాడకుండా చుట్టారు. "జర నీళ్ళియ్యి వదినె" అంది అత్త. అమ్మ లేవలేకపోయింది. లోపలికెళ్ళి కుండలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది నేనే. అత్త ఎత్తిపట్టి కాదు, చెంబు అంచుకి పెదవి ఆనించి తాగింది.

సమరయ స్త్రీ కథ ఆదివారం బడిలో ఎన్నోసార్లు విన్నాను. బావి దగ్గర ఏసు ఆమెకి బోధించాడని చెప్పేవాళ్ళు. తన వాళ్ళు ముట్టుకోని కులపు స్త్రీని అంతకంటే ముందు ఆయన నీళ్ళడిగాడని ఎవరూ నొక్కి చెప్పలేదు. అడగడంతో మొదలైంది ఆ సంభాషణ. మా అరుగు మీద మాత్రం పాత్రలు తారుమారయ్యాయి. అడిగింది అత్త.

అత్త చివరిదాకా ఎల్లమ్మనే కొలిచింది. అమ్మ చివరిదాకా ఏసునే నమ్మింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడే నాటికి ఆ అరుగూ లేదు, ఆ ఇద్దరూ లేరు. అమ్మ విశ్వాసం అత్తకి చేరలేదని చర్చి లెక్క. చేరిందో లేదో నాకు తెలియదు. అత్త కూతురు, నేను ఇప్పటికీ మాట్లాడుకుంటాం. మొన్న ఫోన్‌లో, "మీ అమ్మ కోసం మా అమ్మ ఎల్లమ్మకు మొక్కుకునేది, నీకెర్కనా?" అంది. ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు. ఆ మొక్కు ఏ కాగితం మీదా రాసి లేదు మరి.