బొంతలోకి ఏ చీర?

పాత చీరలు, లుంగీలు పొరలు పొరలుగా పరచి బొంతలు కుట్టడం దుత్తలూరు, ఉదయగిరి వైపు ఇళ్ళలో మన పెద్దవాళ్ళకు బాగా తెలిసిన పనే. పదిమంది సోదరీమణులు కలిసి ఇలాంటి బొంతలు కుట్టి, ఒంటరి వృద్ధులకో, సర్కారు ఆసుపత్రి వరండాలో పడుకునే రోగి బంధువులకో ఇస్తే అది ఎంతో మంచి సేవ. అయితే ఆ బొంతలోకి ఏ చీర వెళ్ళాలి? మనం దానం ఎవరి కోసం చేస్తున్నామో ఇక్కడే తేలిపోతుంది.

మదీనాలో ఖర్జూరపు తోటలున్నవారు పేదల కోసం గెలలు తెచ్చి మస్జిద్‌లో వేలాడదీసేవారు. కొందరు మాత్రం ఎండిపోయినవి, నాసిరకంవి తెచ్చి కట్టేవారు. బఖరా సూరాలోని 267వ ఆయతు ఈ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (ర) తెలిపారు. మనకే ఎవరైనా ఇస్తే ముఖం చిట్లించుకుని తీసుకునే వస్తువును దైవమార్గంలో ఇవ్వకూడదని దాని భావం.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. తమిళనాడు తీరానికి లారీల కొద్దీ పాత బట్టలు చేరాయి. వాటిలో చాలావరకు ఎవరూ తీసుకోక రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. ఇల్లూవాకిలీ పోయినంత మాత్రాన మనిషికి రోషం పోతుందా? పంపినవారికి బీరువా ఖాళీ అయింది, పుణ్యం దక్కిందన్న తృప్తీ మిగిలింది.

అలాగని పాతబట్ట పనికిరాదని మేము అనడం లేదు. వాడివాడి మెత్తబడిన నూలు చీరే బొంతకు శ్రేష్ఠం, కొత్త చీర గుచ్చుకుంటుంది! ఢిల్లీలో 1999లో మొదలైన గూంజ్ సంస్థ దేశమంతటి నుంచి వచ్చే పాతబట్టలను ఏరి, శుభ్రపరచి, పనికొచ్చే వస్తువులుగా మార్చి ఇస్తోంది. దాని వ్యవస్థాపకుడు అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే అవార్డు లభించింది. ఉతకడానికి, ఏరడానికి, కుట్టడానికి పెట్టే శ్రమే పాతబట్టను కానుకగా మారుస్తుంది. మరకలున్న చీరను మధ్య పొరలో దాచేస్తే తీసుకునేవారికి కనబడదు, నిజమే. అల్లాహ్‌కు కనబడదా?

ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యమే. బొంత చేతిలో పెట్టి, పక్కన నిలబడి ఫోటో తీయించుకోవడం ఈ రోజుల్లో మామూలైపోయింది. ఆ ముసలమ్మ రేపు తన ఊళ్ళో తలెత్తుకుని తిరగాలి కదా! ఉపకారాన్ని చాటుకుని, మనసు నొప్పించి దానాన్ని వృథా చేసుకోవద్దని అదే సూరా 264వ ఆయతులో హెచ్చరిక ఉంది.

ఇంకో మాట. బొంత ఇచ్చేముందు ఎదుటివారి మతం అడగనవసరం లేదు. దహ్ర్ సూరాలో సజ్జనులు అన్నం పెట్టేవారిలో పేదవారు, అనాథలతోపాటు ఖైదీలూ ఉన్నారు. ఆనాటి ఖైదీలు బహుదైవారాధకులని చాలామంది వ్యాఖ్యాతలు రాశారు. అడగవలసిందల్లా వారికి బొంత కావాలా, లేక కింద పరచుకోవడానికి చాప కావాలా అన్నదే. చాప కావాలంటే చాపే ఇవ్వాలి.